యడాగమం, ఆగమాగం

ముప్పై ఏండ్లు డిగ్రీ పిల్లలకు సంధులు చెప్పి రిటైరైనవాణ్ణి. యడాగమం మరిచినందుకు ఎంతమంది పాలమూరు పిల్లలకు అరమార్కు కోశానో లెక్కలేదు. ఆ ఉసురంతా మొన్న మా ఇంట్లోనే, రాత్రి భోజనాల వేళ నాకు తగిలింది.

అసలు తప్పు మా అమ్మాయిది. తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చిపోతూ, "బాపూ, పాత పుస్తకాలన్నీ ఇండ్లనే దొరుకుతయి" అంది. దొరికాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల కూర్చుని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కుప్పలు పోసి ఉన్నాయి. పేర్లు ఇంగ్లిషు లిపిలో, అందులోనూ తప్పులతో. కొన్ని పేజీల మీద స్కాన్ చేసినాయన బొటనవేలు. ఆ వేలితో నాకెంత చనువు ఏర్పడిందంటే, రేపు బస్టాండులో ఎదురైనా గుర్తుపట్టి నమస్కారం పెడతాను. ఏడాది తిరిగేసరికి నాలుగువేల పుస్తకాలు దించాను.

"బస్తాల మీద బస్తాలు తెస్తున్నరు, వండేదెప్పుడు?" అని అడిగింది మా ఆవిడ. ఆమెది దేవరకొండ దిక్కు. నల్లగొండోళ్ళు ప్రశ్న అడిగితే జవాబు కోసం కాదు.

వండే పని యంత్రానికి అప్పజెప్పాను. బొమ్మలో ఉన్న అక్షరాన్ని చదివి టైపు చేసిపెట్టే ఓసీఆర్ ఉంది కదా. పాత అచ్చులో రకారపు పొల్లుకు వేసే వలపలగిలకను అది తొమ్మిది అంకె అనుకుంది. దాంతో మా ప్రబంధ నాయికలకు ఎక్కడపడితే అక్కడ తొమ్మిదులు మొలిచాయి. 'మ'ను 'వు' అని చదివింది. మగడు వుగడయ్యాడు. ఈ ఒక్క తప్పు మాత్రం మా ఇంట్లో అందరికీ నచ్చింది. నెల రోజులు వంటింట్లోంచి "ఓ వుగడు సారూ, పాలు పొంగుతున్నయి" అనే పిలుపే.

నా సొంత పీహెచ్‌డీ సంగతి చెప్పనే లేదు. యూనికోడ్ మన ఊరికి రాకముందు డీటీపీ షాపులో కొట్టించిన గ్రంథం అది. ఇప్పుడు తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటి లేదు, అన్నీ కొక్కేలూ డాలర్లూ. మా ఆవిడ చూసి, "అప్పుడు గూడ నాకిట్లనే కనపడ్డది" అంది.

ఇంకోసారి పానగల్లు గుడికి పోయినప్పుడు బామ్మర్ది ముందు గొప్పకు ఒక శాసనం మీద ఫోన్ కెమెరా పెట్టి, ఇదేమిటో చెప్పమన్నాను. అది ఆలోచించి గ్రానైటు పలకలు అమ్మే దుకాణాలు చూపించింది. రేట్లతో సహా.

ఇన్ని జరిగినా బుద్ధి రాలేదు. మాట కొడితే పుస్తకాలన్నిట్లో వెతికిపెట్టే వెతుకుడు పెట్టె రుచి అలాంటిది. ఆ పెట్టె లేని కాలంలో వెతికినవారు మా జిల్లాలోనే ఒకరున్నారు, ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డిగారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు ఉడుక్కుని, ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. ఆ తర్వాత కావ్యాలన్నీ గాలించి, మనవాళ్ళు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ జూదం ఆడారని ఏరి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చారు. ఆయన పోయిన రెండేండ్లకు, 1955లో, దానికి సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆయన కావ్యంలో ఈ చివర నుంచి ఆ చివరకు కాలినడకన పోయి ఒక్క మాట ఏరుకొచ్చేవారు. నేను మాట ముందు ఆటో దిగి, కిరాయి ఇచ్చి, అదే ఆటోలో వెనక్కి వస్తాను. చుట్టూ ఏ ఊరుందో చూడను.

అట్లా ఒకరోజు 'అంబలి' దగ్గర దిగాను. నాలుగువేల పుస్తకాల్లో రెండే చోట్ల దొరికింది. నా ఒళ్ళు పులకరించింది. గటక తిని, అంబలి తాగి పెరిగినవాణ్ణి నేను. పేదోడి కూటిని మన కవులు కావ్యం గడప తొక్కనియ్యలేదని పన్నెండు పేజీలు రాశాను. కోపం బాగా కుదిరింది. పట్నంలో సాహిత్య సభకు పంపే ముందు ఇంట్లో ఒకసారి చదివి వినిపిద్దామని, చింతపండులో గింజలు తీస్తున్న ఆవిడ ముందు కూర్చున్నాను.

మూడో పేజీలో ఆమె చెయ్యి ఆగింది. "మన పెండ్లయిన కొత్తల తానం చేసుకుంట ఒక పద్యం సదివేటోళ్లు గదా, పల్నాటోళ్ల తిండి మీద? అండ్ల జొన్నలు తప్ప ఇంకేమున్నయి?" అని, శ్రీనాథుడిదని చెప్పుకునే ఆ చాటువును మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పింది. పదో తరగతి చదివిన మనిషి. తప్పు పోలేదు. మొదటి పాదంలోనే జొన్న వెనకాల యకారం ముసుగేసుకుని అంబలి కూర్చునుంది.

ముప్పై ఏండ్లు నేనే తరగతిలో పాడిన పద్యం. నా నోటికి వచ్చినదాన్ని పక్కనపెట్టి పెట్టెను నమ్మాను. తెలుగు మాట ఒంటరిగా నడవదు, ముందున్నదాని చెయ్యి పట్టుకుని రూపు మారుస్తుందని పిల్లలకు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నవాణ్ణి, పెట్టెలో 'అంబలి' కొట్టి చేతులు కట్టుకున్నాను. అనుమానమొచ్చి 'కూడు' చూశాను. ప్రథమ మీద కకారం గకారమై, కూడు కాస్తా గూడైంది. ఎవరో పాపం గూడు తిని బతికాడు. పక్షుల గూళ్ళూ మనుషుల కూళ్ళూ ఒకే జాబితాలో కలిసిపోయి ఉన్నాయి.

పౌరుషం వచ్చి, అన్నం చల్లారిపోతోందన్న కేక వినకుండా, 'యంబలి' అని కొట్టాను. ఈసారి వరదలా వచ్చాయి. పదిన్నర దాకా ఒక్కొక్కటే తెరుస్తూ పోయాను. వంటింట్లో గిన్నెలు సర్దిన చప్పుడు, తర్వాత లైటు ఆర్పిన చప్పుడు. తెర మీద ఏదో కావ్యంలోది, పసుపు రంగు పూసి నాకోసం చూపిస్తున్న మాట 'హృదయంబలిగి'.

ఇందులో అంబలి లేదు. లేచి వంటింట్లోకి పోయి చూశాను. అక్కడా లేదు.