డెల్టా శ్రోత – టాక్ రేడియో

పాటలను పక్కనబెట్టి మాటలనే సరుకుగా చేసుకుని, శ్రోత ఫోన్ చేసి నిర్వాహకుడితో వాదులాడే వీలు కల్పించే ప్రసారాన్ని టాక్ రేడియో అంటారు. వివాదాస్పద విషయాల్లో భిన్న వాదనలకూ చోటివ్వాలన్న నిబంధన అమెరికాలో 1987లో రద్దయి, మరుసటి ఏడాది రష్ లింబా కార్యక్రమం దేశమంతటా వినిపించడం మొదలయ్యాక, ఒక్కరే గంటలకొద్దీ మాట్లాడి పదిమందిని దుయ్యబట్టడం అక్కడ మంచి రాబడి ఉన్న వృత్తిగా స్థిరపడింది. గోదావరి డెల్టాలో ఈ పనిని అరుగుల మీద ఉచితంగా చేసిపెట్టేవారికి లోటు లేనందువల్ల, దానికి జీతమిచ్చే ఆలోచన ఎవరికీ వచ్చినట్టు కనబడదు.

డెల్టాకు మాటలు సరఫరా చేసిన పెద్ద ఊరి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ. ఇది 837 కిలోహెర్ట్జ్ మీద, అంటే నేలనంటి దూరం సాగే మీడియం వేవ్ తరంగాలపై పలుకుతుంది. ట్రాన్సిస్టర్ లోపల తరంగాన్ని పట్టే ఫెర్రైట్ కడ్డీ కేంద్రమున్న దిక్కుకు అడ్డంగా ఉంటే మాట ఖంగుమంటుంది, కొన అటు తిరిగితే నీరసిస్తుంది. బెజవాడ పడమటనుందని తెలిసినా, సెట్టును ఎటు తిప్పాలన్న దానిపై ఇంట్లో తాతకూ తండ్రికీ కొడుక్కీ వేర్వేరు సిద్ధాంతాలుండటం చేత, చర్చ తేలేసరికి ప్రాంతీయ వార్తలు ముగిసిపోవడం పరిపాటి.

ఈ కేంద్రంలో టాక్ రేడియోకు అతి సన్నిహితమైనది ‘ధర్మసందేహాలు’. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా కాకరపర్రులో 1928లో పుట్టిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, ఉషశ్రీగా ప్రసిద్ధుడై, రామాయణ భారతాలపై శ్రోతలు ఉత్తరాల్లో రాసి పంపిన ప్రశ్నలకు ఇందులో సమాధానమిచ్చేవారు. ఉత్తరానికి ఫోనుకు లేని సుగుణం ఒకటుంది: జవాబు వినిపించే వేళ ప్రశ్నించినవాడు ఎదుట ఉండడు కనుక ఉపప్రశ్న పుట్టదు. అయితే ఈ ఏర్పాటు స్టూడియో గోడల వరకే పనిచేసింది. ధర్మరాజు జూదం గురించి జవాబు ముగియకముందే “ఆయ్, అదెలా కుదురుద్దండీ” అని సెట్టుకే ఎదురుచెప్పే శ్రోత డెల్టాలో ప్రతి వీధికీ ఉండేవాడు. వినబడదని తెలిసీ అతడు ‘అండీ’ మానకపోవడమే ఈ ప్రాంతపు టాక్ రేడియోను అమెరికా నమూనానుంచి వేరుచేసే ప్రధాన లక్షణం.

వ్యవసాయ ప్రసంగాలకూ ఇదే గతి పట్టింది. 1967లోనే కొత్త వంగడమైన ఐఆర్8 వరిని ఆచంటలో పండించి చూపిన నెక్కంటి సుబ్బారావు వంటి రైతులున్న నేలలో, ఎకరాకు ఎంత యూరియా వేయాలో చెప్పబూనిన నిపుణుడు రేడియోలో ఉండటం వల్లనే క్షేమంగా ఉన్నాడు.

ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాల పరిస్థితి ఇంకా విచిత్రమైనది. వాటికి సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు; ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టుగా ప్రసారం చేసుకోవచ్చు. దేశంలో ఏం జరిగిందన్నది తప్ప మిగిలిందంతా మాట్లాడవలసిన వ్యాఖ్యాత, సహజంగానే, శ్రోత పొద్దున పెసరట్టు తిన్నాడా, ఇడ్లీ తిన్నాడా అన్న పరిశోధనకు దిగుతాడు.

ఇన్ని ఆధారాలను బట్టి తేలేదేమంటే, డెల్టాలో టాక్ రేడియో కేంద్రం పెట్టదలచినవారు మాట్లాడేవారి కోసం ప్రకటన ఇవ్వనక్కరలేదు. వినేవారికి మాత్రం జీతంతోపాటు టిఫిను ఖర్చూ ఇవ్వవలసి ఉంటుంది.