సెట్టింగుల్రావు

సెట్టింగుల్రావుని గుర్తుపట్టడానికి అట్టే కష్టపడక్కర్లేదు. ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ వెనక స్టూలు మీద కూర్చుని, స్టిక్స్ రెండూ చంకలో ఇరికించుకుని, ఎడమ పక్కనున్న మాడ్యూల్ తెరలోకి ముక్కు పెట్టి చూస్తున్న మనిషి కనిపిస్తే అతనే. వయసు ముప్పైకీ యాభైకీ మధ్య ఎక్కడో ఉంటుంది. చదువుకునే రోజుల్లో క్లాసులో బల్ల మీద దరువేసి లెక్చరర్ల చేత బయటికి పంపించుకున్న చరిత్ర ఉంటుంది. అప్పుడు డ్రమ్స్ కొనడానికి డబ్బు లేదు. ఇప్పుడు డబ్బుంది, డ్రమ్స్ వాయించుకునే ఇల్లు లేదు. ఉన్నది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. అందుకని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్కగదికి కూడా వినపడదన్న ధీమాతో ఎలక్ట్రానిక్ కిట్ కొన్నాడు. కొని సంవత్సరం దాటింది. "ఎప్పుడు వినిపిస్తారు?" అని ఎవరైనా అడిగితే, "ఇంకా కాస్త సెట్ చెయ్యాలండీ" అంటాడు. బద్ధకమని కొందరు, వస్తువుల పిచ్చి అని కొందరు చుట్టాలు తీర్పు చెప్పేశారు. రెండూ తప్పే. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదకొండు దాకా వంచిన నడుం ఎత్తకుండా పనిచేసేవాణ్ణి బద్ధకస్తుడని ఎలా అంటాం? నేను చెప్పేది వేరు. ఏ సుగుణం చూసి అతను ఆ కిట్ కొన్నాడో, అతన్ని వాయించనివ్వకుండా చేస్తున్నదీ ఆ సుగుణమే.

ముందు అతని కష్టం నిజమైనదని ఒప్పుకోవాలి. మామూలు డ్రమ్ము మీద కర్ర పడితే పొర అదిరి, ఆ అదురే శబ్దమై చెవికి చేరుతుంది. మధ్యలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లో మెష్ పొర కింద ఒక పియెజో బిళ్ల ఉంటుంది. అదురు తగిలితే అందులో ఇసుమంత కరెంటు పుట్టి కేబుల్ గుండా మాడ్యూల్‌కి పోతుంది. ఇది దెబ్బేనా, రోడ్డు మీద లారీ పోయిందా? దెబ్బే అయితే ఎంత గట్టిది? ఒకటా, రెండా? ఇవన్నీ మాడ్యూల్ తేల్చుకోవాలి, ఏ గీత దగ్గర తేల్చుకోవాలో యజమాని చెప్పాలి. ఎంత చిన్న అదురు నుంచి లెక్కలోకి తీసుకోవాలన్నది త్రెషోల్డ్. ఎంత దెబ్బకి ఎంత చప్పుడన్నది సెన్సిటివిటీ. ఒక్క దెబ్బకి పొర రెండుసార్లు ఎగిరితే రెండోదాన్ని కొట్టిపారేసేది రీట్రిగ్గర్ క్యాన్సిల్. ఇదంతా ఒక్క ప్యాడ్‌కి. స్నేర్‌కి మధ్యభాగం వేరు, అంచు వేరు. కాస్త ఖరీదైన రైడ్ సింబల్‌కైతే ఒళ్లు, అంచు, నడిమి బొడిపె అని మూడు చోట్లు, మూడింటికీ మూడు లెక్కలు.

వీటన్నిటిలోకీ రావుకి ప్రియమైన శత్రువు క్రాస్‌టాక్. స్నేర్ కొడితే ఆ అదురు క్లాంపు గుండా ర్యాక్ గొట్టంలోకి పాకి, అదే గొట్టానికి బిగించిన మొదటి టామ్‌ని తడుతుంది; ఎవరూ ముట్టుకోని టామ్ డుమ్మంటుంది. రావు మెనూలోకి వెళ్లి క్రాస్‌టాక్ క్యాన్సిల్‌ని రెండు మెట్లు పెంచుతాడు. స్నేర్ని టపటపా వాయగొడతాడు. టామ్ నోరు మూసుకుంది. సంతోషం. ఇప్పుడు రెండూ కలిపి కొడతాడు. మాడ్యూల్ ఈసారి నిజమైన టామ్ దెబ్బని కూడా దొంగ అదురనుకుని మింగేస్తుంది. ఒక మెట్టు తగ్గిస్తాడు. దెబ్బ వచ్చింది, దాంతోపాటు దొంగ డుమ్మూ వచ్చింది. అప్పుడు క్లాంపు వదులు చేసి చూస్తాడు, బిగించి చూస్తాడు, గొట్టానికీ క్లాంపుకీ మధ్య సైకిల్ ట్యూబు ముక్క పెట్టి చూస్తాడు, ఆఖరికి స్నేర్‌కి విడిగా స్టాండ్ ఆర్డర్ పెడతాడు. స్టాండ్ వచ్చాక సమస్య నిజంగానే తీరిపోతుంది. ఆ రాత్రి రావు కాస్త దిగాలుగా ఉంటాడు.

"అయితే తప్పు యంత్రానిదే కదా, ఇన్ని మీటలు పెట్టమని ఎవరన్నారు?" అని అడగొచ్చు. చరిత్ర చూస్తే ఈ మాటలో సగం నిజమే. 1981లో ఇంగ్లండ్‌లో సిమన్స్ వాళ్లు తెచ్చిన ఎస్‌డీఎస్-5 ప్యాడ్లు ఆరు పలకలుగా చూడముచ్చటగా ఉండేవి, కానీ కొడితే చేతినే తిరిగి కొట్టేవి. మణికట్లు పట్టేస్తున్నాయని డ్రమ్మర్లు మొత్తుకున్నారు. 1997లో రోలాండ్ టీడీ-10 కిట్‌తో మెష్ పొర వచ్చి ఆ బాధ తీర్చింది. తీర్చిందిగానీ, పొర బిగించుకునేది అయ్యేసరికి డ్రమ్ కీతో ఎంత బిగించాలన్న ప్రశ్న కొత్తగా వచ్చి కూర్చుంది. బిగింపు మారితే అదురు మారుతుంది, అదురు మారితే సెన్సిటివిటీ మళ్లీ చూసుకోవాలి. ఇక 1983లో వచ్చిన మిడీ పద్ధతిలో దెబ్బ బలాన్ని 1 నుంచి 127 దాకా అంకెల్లో చెప్తారు. అంకె కనపడ్డాక రావు ఊరుకుంటాడా? నిన్న 127 కొట్టిన చెయ్యి ఇవాళ 119 కొడితే, తప్పు చేతిదేమోనన్న అనుమానం అతనికి రాదు. వెళ్లి, ఎంత దెబ్బకి ఎంత అంకె అని తేల్చే వెలాసిటీ కర్వ్ మారుస్తాడు.

మిగతా సగం మాత్రం యంత్రం నెత్తిన రుద్దడం అన్యాయం. ఏ ప్యాడ్‌కి ఏ విలువలు ఉండాలో కంపెనీవాళ్లు ముందే నింపి పంపుతారు, చాలామందికి అవే సరిపోతాయి. ఉన్న సమస్యలు సరే, లేనివాటిని కూడా రావు వెతికి పట్టుకుంటాడనడానికి ఆలస్యం గొడవే సాక్ష్యం. కిట్‌ని కంప్యూటర్‌కి కలిపితే కర్ర పడ్డాక శబ్దం రావడం ఆలస్యమవుతోందని అతని ఫిర్యాదు. సెకనుకి 44,100 శాంపిళ్ల లెక్కన కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసుకునే 128 శాంపిళ్ల బఫర్ అంటే సుమారు 2.9 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి అడుగు పైచిలుకు నడుస్తుంది. అంటే మామూలు డ్రమ్స్ వాయించేవాడి చెవికి, మూడడుగుల అవతలున్న కిక్ డ్రమ్ చప్పుడు చేరడానికి పట్టే సమయం కూడా దాదాపు అంతే. మాడ్యూలూ డ్రైవరూ ఇంకొన్ని మిల్లీసెకన్లు కలిపినా కొంపేం మునగదు. ఈ పాటి ఆలస్యంతో ప్రపంచంలో డ్రమ్మర్లంతా తాళం తప్పకుండా కాలం గడిపేశారు. రావు మాత్రం బఫర్ని 64కి దించుతాడు. శబ్దం చిటపటలాడుతుంది. మళ్లీ 128కి ఎక్కిస్తాడు. ఆదివారం అయిపోతుంది.

యంత్రమే మనిషిని ఇలా చేస్తుందనే వాదానికి అడ్డొచ్చే పెద్ద సాక్షి మన ఊళ్లలోనే ఉన్నాడు. ఆర్కెస్ట్రాల్లో, చర్చి ఆరాధనల్లో ప్యాడ్స్ వాయించే కుర్రాడు. రోలాండ్ వాళ్లు ఆక్టాప్యాడ్ మొదలుపెట్టింది 1985లో. తర్వాత వచ్చిన ఎస్‌పీడీ-20 తెలుగునాట ఎన్ని పెళ్లి పందిళ్లు, ఎన్ని గణపతి మంటపాలు, ఎన్ని సువార్త సభలు చూసిందో లెక్కలేదు. దాని పొట్టలోనూ సెన్సర్లే, అదీ మిడీయే, దానికీ మెనూ ఉంది. ఆ కుర్రాడు స్టాండ్ విప్పి ప్యాడ్ బిగిస్తాడు, వైరు మిక్సర్‌కి గుచ్చుతాడు, రెండు దెబ్బలు కొట్టి సౌండ్ ఆయన వైపు చూస్తాడు. "అన్నా, మానిటర్‌లో కొంచెం పెంచు." సెట్టింగు అంతటితో సరి. గాయని మైకు దగ్గరికి వచ్చేసింది, పల్లవి ఎత్తుకోబోతోంది. పాట మధ్యలో ఒక ప్యాడ్ మొరాయిస్తే పక్కదాని మీద లాగించేస్తాడు. వానకి తడిసి, టెంపోల్లో ఊగి, సగం బొత్తాలు అరిగిన ఆ ప్యాడ్ మీద మూడు గంటల కార్యక్రమం దర్జాగా నడిచిపోతుంది.

ఇక్కడ రావు తరఫున ఇంకో వాదన రావచ్చు: వాద్యాన్ని సరిచేసుకోవడం మర్యాదస్తుల లక్షణమే కదా, మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమ మూతకి రవ్వ ముద్ద అద్దడా, కుడి మూత అంచుని రాయితో తట్టి శ్రుతి చెయ్యడా, డప్పు వాయించేవాళ్లు మంట దగ్గర చర్మం కాచుకోరా అని. అన్నీ నిజమే. కానీ ఆ పనులన్నిటికీ ఒక చివర ఉంది. తంబురాతో శ్రుతి కలిసి, గాయకుడు గొంతు సవరించాక, విద్వాంసుడు రాయి కింద పెట్టాల్సిందే. ఊరేగింపు కదిలాక మంట దగ్గర ఎవరూ నిలబడరు. వాద్యం సంపూర్ణంగా కుదిరిందని వీళ్లు సరిచెయ్యడం ఆపరు. అవతల ఎవరో ఎదురుచూస్తున్నారు కాబట్టి ఆపుతారు. కుదిరిన కాడికి చాలనిపించే శక్తి ఎదురుచూసేవాళ్లకే ఉంది. ఇంత సామాను ఉన్న రావు దగ్గర అది ఒక్కటే లేదు, ఎందుకంటే డబ్బిచ్చి మరీ దాన్ని వదిలించుకున్నాడు.

హెడ్‌ఫోన్స్ లోపల అతని వైభవం చూడాలి. మాడ్యూల్ శబ్దాలు నచ్చక కంప్యూటర్లోకి సుపీరియర్ డ్రమ్మర్ 3 దించుకున్నాడు. 2017లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌లో శబ్దాలే 230 గిగాబైట్ల పైమాట. బెల్జియంలోని గెలాక్సీ స్టూడియోలో జార్జ్ మాసెన్‌బర్గ్ అంతటి ఇంజినీరు రికార్డు చేసినవి. అంటే రావు కూకట్‌పల్లిలో స్నేర్ కొడితే పలికేది బెల్జియంలో ఎప్పుడో ఇంకెవరో కొట్టిన దెబ్బ. ఆ దెబ్బకి మైకు ఎంత దూరంలో ఉండాలో, గది ఎంత మోగాలో రావు శ్రద్ధగా సర్దుతాడు. ఇంత వైభవం చెవుల్లో జరుగుతుంటే, తలుపు బయట వాళ్లావిడకి వినపడేది మెష్ మీద టపటప, సింబల్ రబ్బరు మీద తప్‌తప్, కాలి కింద గుబ్బుగుబ్బు. నాన్న ఏదో పెద్ద కీబోర్డు మీద టైపు చేస్తున్నాడని చంటిది అనుకుంటోంది. బాగుందో లేదో చెప్పే అవకాశం ఇంట్లో ఎవరికీ లేదు. కనీసం "ఆపండి మహాప్రభో" అనేంత చప్పుడు కూడా లేదు. స్పీకర్ పెట్టి వినిపించవచ్చు కదా అంటే, మామూలు స్పీకర్లో కిక్ సరిగా పలకదట, తగిన యాంప్ చూస్తున్నాడట.

సాధన ఎప్పుడూ ఒంటరిదే కదా, ఎంత గొప్ప డ్రమ్మర్లైనా రబ్బరు పలక మీద ఒంటరిగా గంటలకొద్దీ కొట్టుకున్నవాళ్లే కదా అంటే, కాదనను. కానీ రబ్బరు పలకకి మెనూ లేదు. దాని ముందు కూర్చున్నవాడికి కొట్టడమో లేచిపోవడమో, రెండే దారులు. రావుకి మూడో దారి ఉంది; అందులో చెమట పట్టదు, తప్పు పడదు, పని చేశామన్న తృప్తి నిండుగా దొరుకుతుంది. శ్రోత లేని లోటు తీర్చడానికి కొన్ని మాడ్యూళ్లలో కోచ్ అని ఒకటి పెట్టారు. మెట్రోనోమ్‌కి దెబ్బ ముందు పడిందో వెనక పడిందో చూసి మార్కులు వేస్తుంది. మంచి ఏర్పాటే. రావుకి మార్కులు తక్కువొచ్చాయి. ఆ సాయంత్రమే త్రెషోల్డ్ తగ్గించాడు.

ఇంతకీ రావుకి శ్రోత బొత్తిగా లేడనడం తప్పు. ఒకాయన ఉన్నాడు, రెండో అంతస్తులో. (న్యూజెర్సీలో సొంత బేస్‌మెంట్ ఉన్న తెలుగు రావులకి ఆ ఒక్కడు కూడా లేడు, వాళ్ల కేసు ఇంకా ముదిరినది.) ప్యాడ్ల టపటప గాలిలో పోయేది, తలుపు వేస్తే చాలావరకు ఆగిపోతుంది. కిక్ పెడల్ దెబ్బ నేలలో పోయేది. పెడల్ నుంచి టైల్స్‌లోకి, టైల్స్ నుంచి స్లాబులోకి, స్లాబు నుంచి కింది ఇంటి గోడల్లోకి. కింద పరిచిన తివాచీ దాన్ని ఆపలేదు. కాబట్టి కిందాయనకి స్నేర్ లేదు, సింబల్ లేదు, బెల్జియం అసలే లేదు. కిక్ ఒక్కటే ఉంది. దాన్నే ఆయన రోజూ విన్నాడు, విని ఒక అభిప్రాయానికి వచ్చాడు. ఓ రాత్రి పైకొచ్చి బెల్లు కొట్టి చెప్పాడు కూడా: "సార్, చప్పుడు సంగతి అలా ఉంచండి. రోజూ మొదలుపెడతారు, నాలుగు దెబ్బలు వరసగా పడగానే ఆపేస్తారు. ఆ అయిదోది కూడా కొట్టెయ్యండి, మాకు నిద్ర పడుతుంది."

రావు సంగీత జీవితంలో అందుకున్న మొదటి విమర్శ ఇది, సరైనది కూడా. ఎదురుచూసే మనిషి తనంతట తానే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ రాత్రే లోపలికెళ్లి అయిదో దెబ్బ కొట్టి ఉంటే కథ ఇంకోలా ఉండేది. రావుకి మాత్రం ఆ మాటల్లో నేల అదురు సమస్య ఒక్కటే వినపడింది. దానికి ఫ్లాట్లలో ఉండే డ్రమ్మర్లు ఎప్పటి నుంచో వాడుతున్న మందు ఉంది: రెండు ప్లైవుడ్ పలకలు తెచ్చి, వాటికి గుండ్రంగా కన్నాలు కోసి, మధ్యలో టెన్నిస్ బంతులు కూర్చి, కిట్‌ని ఆ అరుగు మీదికి ఎక్కించడం. మందు పనిచేస్తుంది. వడ్రంగిని పిలిచి, స్పోర్ట్స్ షాపులో బంతులు బేరమాడి, నెల తిరిగేసరికి రావు ఆ అరుగు కట్టాడు. కిందాయనకి ఇప్పుడు ఏమీ వినపడటం లేదు. కాకపోతే బంతుల మీద పలక ఒక పిసరు ఊగుతోంది, దాంతో హైహ్యాట్ స్టాండ్ ఒరిగి పెడల్ పూర్తిగా మూసుకోవడం లేదని రావుకి అనుమానం వచ్చింది. కాలిబ్రేషన్ మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి.