రాణిగారి నెత్తిన మన గులకరాయి

2023 మే 6. పత్తికొండలో ఒక టీ కొట్టు. టీవీలో లండన్. మూడో చార్లెస్‌కు పట్టాభిషేకం జరుగుతోంది, పక్కనే కెమిల్లా రాణి నెత్తిన కిరీటం పెట్టించుకుంటోంది. నా పక్క బల్ల మీదున్న పెద్దమనిషి టీ గ్లాసు కింద పెట్టి మీసం దువ్వాడు.

"సూసినారా సార్? మన రాయి పెట్టుకోల్యా. భయపడినారు."

ఎవరికి అని అడిగాను. "మనకే" అన్నాడు. పత్తికొండకు లండన్ భయపడిన ఆ సాయంత్రం కరెంటు మూడుసార్లు పోయింది.

ఆయన మాట పూర్తిగా కొట్టేయడానికీ లేదు. కోహినూరు పెట్టుకుంటే గొడవవుతుందని అది పొదిగిన కిరీటాన్ని లండన్ టవర్‌లోనే వదిలేశారని పత్రికలు రాశాయి. బదులుగా 1911లో మేరీ రాణి పెట్టుకున్న కిరీటాన్ని దులిపి తెచ్చారు. అందులో పొదిగినవి కల్లినన్ వజ్రపు ముక్కలు. ఆ వజ్రం 1905లో దక్షిణాఫ్రికా గనిలో దొరికింది. పక్కింటి కోడిని కోస్తే వాళ్లు కొట్లాటకొస్తారని ఎదురింటి కోడిని కోసి వండినట్టు! మా పెద్దమనిషి మాత్రం గెలిచిన లెక్కలోనే ఉన్నాడు.

అసలీ రాయి రాజు నెత్తికి కాకుండా రాజు పెళ్లాం నెత్తికి ఎందుకు ఎక్కుతుందో తెలుసా? కోహినూరు మగవాళ్లకు అచ్చిరాదట, ఆడవాళ్లకైతే ఫరవాలేదట. ఆవిరి యంత్రం నడిపిన దేశం, న్యూటన్ పుట్టిన దేశం, ఈ ఒక్క విషయంలో మాత్రం మా ఊరి సోది చెప్పే అవ్వ దగ్గర పాఠం నేర్చుకున్నట్టుంది. విక్టోరియా తానే ఏలిక కాబట్టి ఎద మీద పెట్టుకుంది. ఆ తర్వాత 1902లో అలెగ్జాండ్రా, 1911లో మేరీ, 1937లో ఎలిజబెత్, ముగ్గురూ రాజుల భార్యలే, కిరీటంలో పొదిగించుకున్నారు.

మరి ఎంత బాగా అచ్చొచ్చిందో మేరీ రాణిని చూడండి. రాయి రాకముందే నిశ్చితార్థమైన వరుడు 1892లో పోయాడు, మరుసటి ఏడు అతని తమ్ముణ్ని చేసుకుంది. దాన్ని రాయి ఖాతాలో వేయలేం లెండి. కానీ 1911లో కిరీటం పెట్టుకున్నాక? 1919లో పదమూడేళ్ల చిన్నకొడుకు పోయాడు. 1936 జనవరిలో మొగుడు పోయాడు. ఆ ఏడాది చివరికి పెద్దకొడుకు ప్రేమించినదాని కోసం సింహాసనాన్నే వదిలి వెళ్లిపోయాడు. 1942లో ఇంకో కొడుకు విమానం కూలి చచ్చాడు. 1952లో రాజైన కొడుకూ పోయాడు. ఇంత అచ్చొచ్చిన రాయి మా వీధిలో ఎవరింట్లోనన్నా ఉంటే రాత్రికి రాత్రి తీసుకెళ్లి కేసీ కాలవలో పారేసి వచ్చేవాళ్లు. ఎలిజబెత్ సంగతీ అంతే. 1937లో పెట్టుకుంది, పదేళ్లు తిరిగేసరికి మన దేశం చేజారింది, ఇంకో అయిదేళ్లకు బొట్టు చెరిగింది. తర్వాత నూటొక్కేళ్లు నిండాక 2002లో పోతే ఆ కిరీటాన్ని శవపేటిక మీద పెట్టి ఊరేగించారు. మన దగ్గర పీనుగ ముక్కుపుడక కూడా తీసి దాస్తారు. వాళ్లు ఊరేగింపు అయ్యాక దాచారు, తేడా అంతే.

వాళ్ల మూఢనమ్మకం వాళ్లది. మన గొప్పలు? కోహినూరు మాదంటే మాదని కొట్లాడుకోవడంలో మనవాళ్లే ముందు. పల్నాటి కొల్లూరులో దొరికిందని ఎక్కువమంది చెప్పే మాట. ఆ గని ఉన్నచోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. వరంగల్ వాళ్లు భద్రకాళి అమ్మవారి కన్నంటారు. మా సీమవాళ్లు ఊరుకుంటారా? 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే గండికోటకొచ్చి గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాను కలవలేదా అంటారు. కలిశాడు, నిజమే. నేను మా ఎమ్మార్వోను నాలుగుసార్లు కలిశాను, పాసుపుస్తకం మాత్రం రాలేదు.

ఇక 1849లో పంజాబు రాజు, పదేళ్ల దులీప్ సింగ్ చేత ఇంగ్లీషువాళ్లు ఒప్పందం మీద సంతకం చేయించి రాయి పట్టుకెళ్లారు. పదేళ్ల పిల్లవాడు తన చేతిలోని ఐసుఫ్రూటు కూడా తమ్ముడికివ్వడు! అయినా 2016లో మన ప్రభుత్వ న్యాయవాదే సుప్రీంకోర్టులో నిలబడి, దాన్ని ఎవరూ దొంగిలించలేదు, కానుకగా ఇచ్చారని చెప్పారు. లండన్ వకీలు ఇంతకంటే బాగా వాదించగలడా?

కానుకలకు బదులు కానుకలూ వచ్చాయి. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గంజికేంద్రాలు పెట్టి వేలమంది ప్రాణాలు నిలబెట్టాడు. మెచ్చి విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. పదేళ్లకు ధాత కరువొచ్చింది. సీమ పల్లెల్లో పీనుగులు మోసేవాళ్లు లేని రోజుల్లో, 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి ఆమెను భారత చక్రవర్తినిగా చాటారు. ఆ దర్బారు విందులో మిగిలిన అన్నమన్నా రైలెక్కించి ఉంటే ఇంకో పతకం ఖర్చు తప్పేది.

సరే, లండన్‌ను వదిలేద్దాం. జూన్ నెలలో జొన్నగిరికి పోదాం. తొలకరి జల్లు పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలు జాతరే. అనంతపురం నుంచి, బళ్లారి నుంచి కూడా సద్ది కట్టుకుని జనం వస్తారు. గుళ్లలో పడుకుంటారు. పొద్దున్నే వజ్రాల కోసం నడుములు వంచి ఎర్రమట్టి మీద చూపు పరిచి నడుస్తారు. శెనక్కాయ విత్తాల్సిన రైతు తన చేలో తానే పక్కకు తప్పుకోవాలి. వానకు మట్టి కొట్టుకుపోతే రాయి పైకి తేలుతుంది, అంతకు మించి మర్మం లేదు. అమావాస్య రాత్రి వెలుగుతుందని చెప్పేవాళ్లు మాత్రం ఊరికొకరు ఉంటారు.

దొరికితే ఏమవుతుంది? సేటు మనిషి అంతకుముందే వాలి ఉంటాడు. రాయిని వెలుతురుకు పట్టి, పెదవి విరిచి, "ఇది ఉత్త స్ఫటికంరా" అంటాడు. ఉత్త స్ఫటికానికి లక్షలెందుకిస్తావని అడిగేవాడుండడు. ఇంత నగదు, ఇన్ని తులాల బంగారం అని గుట్టుగా తేల్చేస్తారు. మరునాడు పేపర్లో "రైతుకు వజ్రం, రాత్రికి రాత్రే దశ" అని వేస్తారు. ఎవరు కొన్నారో, దాని అసలు ధర ఎంతో ఏ పేపర్లోనూ ఉండదు.

ఇక్కడో తమాషా. మేరీ రాణి కిరీటంలోంచి 1914లో కోహినూరును తీసి ఆ చోట స్ఫటికపు నకలు పెట్టారు. అక్కడ వజ్రం తీసి స్ఫటికం పెట్టినా అది రాణిగారి కిరీటమే. ఇక్కడ కలుపు తీసే ఆడమనిషి కొంగున వజ్రం కట్టుకొచ్చినా అది స్ఫటికమే. నాణ్యం చూసి కాదు, నెత్తి చూసి కడతారు వెల. లండన్‌లో 1851లో జనం కోహినూరును ఎగబడి చూసి, ఇందులో మెరుపేదీ అని పెదవి విరిస్తే, మరుసటి ఏడాది పాత లెక్కలో 186 క్యారెట్లున్న దాన్ని 105.6కు అరగదీశారు. కనీసం వాళ్లు పెదవి విరిచాక ధర తగ్గించలేదు.

టీ కొట్టు పెద్దమనిషికి ఇదంతా చెప్పాను. కోహినూరు తెప్పించాల్సిందేనని ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. బల్ల గుద్దితే గ్లాసులు ఎగిరాయి. సరేగానీ, పోయిన వానల్లో మీ చేలో దొరికిందంటున్నారే, ఆ రాయి ఎంతకిచ్చినావప్పా అని అడిగాను.

పెద్దమనిషి గొంతు ఒక్కసారిగా పడిపోయింది. అటూ ఇటూ చూసి, బల్ల మీదికి వంగి, నా చెవి దగ్గర అన్నాడు.

"మెల్లగ మాట్లాడు సార్. సేటు మనుషులు ఈడనే తిరుగుతా ఉంటారు."