పర్సంటైల్ పుత్రరత్నం

గురకపెట్టి నిద్రపోతున్నవాణ్ని తట్టి లేపి ‘ఇబిట్డా అంటే ఏమిట్రా?’ అని అడగండి. కళ్లు తెరవకుండానే ‘వడ్డీ, పన్ను, తరుగుదల, అమార్టైజేషన్ తీసెయ్యకముందు లాభం’ అని చెప్పి అటు తిరిగి పడుకుంటాడు. తెల్లారాక ‘పాలవాడికి ఎంతివ్వాలి?’ అంటే మాత్రం ‘అమ్మనడుగు’ అంటాడు. ఇతగాడే ఐఐఎం సీటు కోసం క్యాట్ పరీక్షకు చదువుతున్న మన పుత్రరత్నం.

విశాఖలో ఈ జాతి ఎక్కువగా ద్వారకానగర్‌లో కనిపిస్తుంది. కోచింగ్ సెంటర్ మెట్ల మీద కాసేపు, పబ్లిక్ లైబ్రరీలో కాసేపు, టీ బండి దగ్గర చాలాసేపు. చంకలో గులాబీరంగు ఎకనమిక్ టైమ్స్, జేబులో రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట. చీటీకి ఒకవైపు ఇంగ్లిష్ మాట, రెండోవైపు అర్థం. లిక్విడిటీ, లెవరేజ్, హెడ్జింగ్ అంటూ రోజుకు ముప్పై మాటలు నమలకుండా మింగాలని నియమం పెట్టుకున్నాడు. ఆదివారం బండి తీసుకుని గంభీరం వెళ్తాడు. 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో తలదాచుకున్న ఐఐఎం అక్కడే సొంతిల్లు కట్టుకుంది. 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రారంభించారు కూడా. మనవాడు గేటు ముందు సెల్ఫీ దిగి వెనక్కొచ్చేస్తాడు. గంభీరంలో సీటు ఇంకా రాలేదు గానీ, గాంభీర్యం అప్పుడే మొహంలోకి వచ్చేసింది.

నేర్చిన మాట ఎక్కడో ఒకచోట వాడకపోతే ఇతనికి అన్నం సయించదు. పెట్రోలుకి వంద అడిగితే అది వర్కింగ్ క్యాపిటల్. అక్క పెళ్లిని డీమెర్జర్ అన్నాడు. బావ ఇల్లరికం వచ్చేశాక రివర్స్ మెర్జర్ అని సవరించాడు. స్నేహితుడికిచ్చిన అయిదొందలు తిరిగి రాకపోతే తొందరపడి తిట్టలేదు. రిజర్వ్ బ్యాంకు లెక్క ప్రకారం తొంభై రోజులు ఓపిక పట్టి, ఆ మర్నాడు మొండిబాకీగా ప్రకటించి, అప్పుడు తిట్టాడు.

ఒకరోజు భోజనాల దగ్గర "నాన్నా, స్ట్రాటజిక్ డిస్ఇన్వెస్ట్‌మెంట్ అంటే చెప్పనా?" అన్నాడు. ఆ తండ్రి పనిచేసేది స్టీల్‌ప్లాంట్ కోక్ ఓవెన్స్‌లో. ప్లాంటులో నూరు శాతం వాటా వదులుకోవడానికి 2021 జనవరి 27న కేంద్రం సూత్రప్రాయంగా తలూపిన దగ్గర్నుంచీ, డ్యూటీ దిగి కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో కూర్చున్న మనిషి. ముద్ద కలుపుతూనే అన్నాడు: "ఆ పాఠం మాకు నడిరోడ్డు మీద చెప్పార్రా. సొంత గనులు లేక ఖనిజం కొనుక్కుంటే టన్నుకి ఎంత మిగులుద్దో నీ చీటీలో రాశారేటి?"

కొడుకు చీటీ తిప్పి చూశాడు. రాయలేదు.

2025 జనవరిలో ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అందులో 10,300 కోట్లు ఈక్విటీగా పెడతారన్నారు. తండ్రి పేపరు మొదటినుంచి చివరిదాకా చదివి "గనుల మాటేదీ?" అన్నాడు. కొడుకు ‘ఈక్విటీ ఇన్‌ఫ్యూజన్’ అని కొత్త చీటీ రాసుకున్నాడు.

మేనమామ ఇంకో రకం. పోర్టు దగ్గర కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పని. ఆయన వచ్చిన రోజు మనవాడు ‘డెమరేజ్’ చీటీ తీసి, ఒప్పుకున్న గడువు దాటి ఓడని ఆపితే ఓడ యజమానికి కట్టే సొమ్మని అప్పజెప్పాడు.

"అది ఓడకి. షెడ్డులో సరుక్కీ ఉంటాది అల్లుడూ" అన్నాడు మావయ్య, కాఫీ ఊదుకుంటూ. "దిగిన సరుకుని పోర్టువాళ్లు కొన్నాళ్లు ఊరికే ఉంచుతారు. ఆ గడువులోగా పట్టుకెళ్లకపోతే మీటరు మొదలు. రోజులు పెరిగేకొద్దీ రేటూ పెరుగుద్ది. నువ్వు బీటెక్ అయ్యి మా అక్క షెడ్డులో దిగి మూడేళ్లయింది. ఊరికే ఉంచే గడువు ఎప్పుడో దాటిపోయింది మరి."

ఆ అక్క వంటింట్లోంచి వినీ విననట్టు ఊరుకుంది. కోచింగ్ ఫీజు వెళ్లింది ఆవిడ పాడుకున్న చీటీ డబ్బుల్లోంచే. ఏ నెల పాడితే ఎంత పోతుందో, ఎంత ఆగితే ఎంత మిగులుతుందో కాగితం లేకుండా లెక్క కట్టగలదు. ఆ ఇంట్లో డబ్బు తెచ్చిన చీటీ అదొక్కటే.

చివరికి నవంబరు ఆఖరి ఆదివారం రానే వచ్చింది. ఇంగ్లిష్ విభాగానికి నలభై నిమిషాలు. చదివి అర్థం చేసుకోమని నాలుగు ప్యాసేజీలు: ఒకటి తత్వశాస్త్రం, ఒకటి పక్షుల వలస, ఒకటి పాత చిత్రకళ, నాలుగోది ఏమిటో బయటికొచ్చాక కూడా మనవాడికి తెలియలేదు. మాటలకు అర్థాలు నేరుగా అడగడం క్యాట్‌లో ఎప్పుడో తగ్గిపోయింది. ఇబిట్డా ఎక్కడా ఎదురుపడలేదు. తప్పు జవాబుకి ఒక మార్కు కోత మాత్రం నిక్కచ్చిగా పడింది.

ఫలితం వచ్చింది: 91 పర్సంటైల్. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, మార్కులు వేరు, పర్సంటైల్ వేరు అని విడమరిచి, "అంటే రాసినవాళ్లలో నూటికి తొంభయ్యొక్కమంది నా వెనకే" అని ముగించాడు. తల్లి కళ్లు మెరిశాయి. తండ్రి తలూపాడు. మూల మంచం మీదనుంచి నానమ్మ అడిగింది:

"మరి నీ ముందున్న తొమ్మండుగురూ ఎవళ్ల గుంటలురా? ఆళ్లూ చీటీలే చదివారేటి?"