ఎస్సు సూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము

హీ షీ ఇట్టుకు ఎస్సు,
తక్కినవాటికి తుస్సు.

అవతారిక

ఈ సూత్రకర్త యెవరో తెలియదు. వ్యాఖ్యాతయే కల్పించెనని గిట్టనివారందురు. ఆ వివాదము మనకక్కరలేదు. మన గుంటూరు సీమకు వ్యాఖ్యానము కొత్త విద్య కాదు. కొండవీటి కుమారగిరిరెడ్డి కొలువున కాటయవేముడు కాళిదాసు నాటకములు మూడింటికిని కుమారగిరిరాజీయమను వ్యాఖ్య వ్రాసెను. పెదకోమటి వేముడు అమరుకమునకు శృంగారదీపిక వెలిగించెను. ఇంగ్లీషు చాలా తరువాతి చుట్టము: 1842లో లూథరన్ ఫాదర్ హయ్యరు గుంటూరు చేరెను, 1885లో నేటి ఏసీ కాలేజి పుట్టెను. శకుంతలకు వ్యాఖ్యాత దొరికిన గడ్డ మీద, మూడో తరగతి పిల్లలు మార్కాపురం పలక మీద దిద్దు ఎస్సుకు దొరకకపోవుట అన్యాయమని ఈ పూనిక.

ప్రతిపదార్థము

హీ = అతడు, అనగా పత్తికి మందు కొట్టువాడు; షీ = ఆమె, అనగా మిరపకాయలు కోయునది; ఇట్టుకు = గేదెకు, ట్రాక్టరుకు, వానకు, యార్డులో మిర్చి రేటుకు (రేటు పెరుగునప్పుడును ఎస్సే, పడునప్పుడును ఎస్సే; వ్యాకరణమునకు రైతు మీద దయ లేదు); ఎస్సు = వర్తమానకాల క్రియ చివర చేరు సకారము; తక్కినవాటికి = ఐ, వీ, యూ, దే అనువాటికి; తుస్సు = ఏమియు చేరకుండుట. పాణినీయులు లోపమని గౌరవముగా పిలుచుదానిని మనవాడు తుస్సనెను.

తాత్పర్యము

ఆమె కాయలు కోయుననుటకు "షీ పిక్స్" అనవలెను. వాళ్లు కోయుదురనుటకు "దే పిక్" చాలును.

పూర్వపక్షము

పల్లెపిల్లలకు వ్యాకరణజ్ఞానము లేదు, అందుచేతనే ఎస్సు మరతురని కొందరు.

సిద్ధాంతము

అది సరికాదు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అని ప్రతి క్రియకు తగిన తోకను తడుముకొనక తగిలించు పిల్లవానికి ఒక్క ఎస్సు బరువా? చిక్కు మరొకచోట నున్నది. వాడు పరుగున వచ్చి "అవర్ సార్ ఆర్ కమింగ్" అనును. అయ్యవారు ఎర్రసిరాతో ఆర్ కొట్టివేసి ఈజ్ వ్రాయుదురు. పాపము, వాని తప్పేమి? ఇంట్లో తాతగారిని "వచ్చాడు" అన్నచో వీపు విమానం మోత మోగును. తాతయ్య, సర్పంచిగారు, సార్ అందరును "వచ్చారు" అనిపించుకొనువారే. మర్యాద చేయవలసిన వ్యక్తి ఒక్కడైనను బహువచనమే. ఇంగ్లీషులోనో, సార్ కమ్స్, బఫెలో కమ్స్! గురువునకును గేదెకును ఒకటే ఎస్సు కట్టుటకు ఏ బుద్ధిమంతుడైన పిల్లవానికి నోరాడును? వీనికి సగము మార్కులైనను వేయవలెనని వ్యాఖ్యాత మతము.

మరొకటి. అమ్మ వచ్చింది, గేదె వచ్చింది, వాన వచ్చింది. మన క్రియ మూడింటిని ఒక్క గాటనే కట్టును. కనుక షీకిని ఇట్టుకును ఎస్సు ఒకటేయన్న పిల్లలు ఆశ్చర్యపడరు; ఎస్సు ఒకటేయైనప్పుడు షీ వేరు, ఇట్టు వేరు ఏలయని మాత్రము నిజముగా తికమకపడుదురు. అందుకే ఒకనాడు గేదె షీయగును, ఇంకొకనాడు అత్తయ్య ఇట్టగును. "మై ఫాదర్ ఫార్మర్" అనుటయు ఇట్టిదే. మా నాన్న రైతు. ఆ రెంటి నడుమ క్రియ యెక్కడిది? వాడు తెలుగు వ్యాకరణమును లోపము లేకుండ పాటించినాడు. కావున ఇంగ్లీషు చెప్పు అయ్యవారికి ముందు తెలుగు వ్యాకరణము రావలెను. అది రానివారు ఎంత ఎర్రసిరా పోసినను కల్లములో తాలుకాయలు ఏరుటయే గాని, తాలు ఏలపడెనో యెరుగరు.

సూత్రము ముందా, మాట ముందా? మాటయే. "షీ పిక్స్, హీ పిక్స్" అని పిల్లల నోట ఆడించి, చెవి అలవాటు పడిన పిమ్మట సూత్రము చెప్పవచ్చును. చెప్పకున్నను కొంప మునగదు. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణము బాలురకంటె ముసలి పండితులకే ఎక్కువ చెమట పట్టించెను. హైస్కూలు గ్రామరుతో మన తాతలను హడలగొట్టిన రెన్ దొరయు, ఎడారి సిపాయిల సాహసములతో బో జెస్ట్ అను నవల వ్రాసినవాడే. ఆ రసము గ్రామరులో నాలుగు చుక్కలైనను పడలేదు.

దేశకాలవిశేషము

బడి జూన్‌లో తెరతురు. వానలలో ఎస్సు పాఠమగును. శీతకాలమునకు పత్తి విచ్చును, సంక్రాంతి దాటగనే కాయకోతలు ముమ్మరమగును. ఆదోని, కోసిగి దిక్కుల నుండి కూలి కుటుంబములు దిగును. కొందరు పిల్లలు సొంతవూరి సీజనల్ హాస్టలులో నుందురు, తక్కినవారు తల్లి వెంట చేలోనే. జూలైలో ఒక బడిలో మొదలైన పాఠము జనవరికి మిరపచేనిలో తెగిపోవును. 2020లో సర్కారు పుస్తకములలో తెలుగును ఇంగ్లీషును ఎదురెదురు పుటలలో అచ్చువేయ మొదలిడిరి. మూలము పక్కనే టీక గనుక వ్యాఖ్యాతకు పరమానందము. ఆ పుస్తకము చేలోనికి వచ్చినచో మరింత ఆనందము.

పాఠాంతరము

కాన్వెంటు ప్రతులలో "తుస్సు" అనుచోట "మిస్సు" అని యున్నది. అచ్చట పంతులమ్మను మిస్సందురు గనుక, తక్కిన సందేహములకు మిస్సునే అడుగుడని అర్థము చెప్పెదరు. ఈ పాఠము గ్రాహ్యమా కాదా యని అడుగబోగా, మిస్సు సెలవులో నున్నది.