సాయంత్రం హాజరుపట్టీ

ఊరి చివర కొత్తగా వేసిన ప్రతి లేఅవుట్‌లోనూ ఈయన ఒకరుంటారు. ఏదో ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకుని, మిగిలిన పెరట్లో ఏం చెయ్యాలో తోచక పన్నెండు కోడిపిల్లల్ని తెచ్చుకున్న మనిషి. అందరికీ నాటుకోళ్లనే చెబుతారు. నిజానికి అవి రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా రకం. ఆయన దగ్గర ఆ మాట ఎత్తకండి, నొచ్చుకుంటారు.

పగలంతా మామూలుగానే ఉంటారు. పేపరు చదువుతారు, డీఏ బకాయిల గురించి ఫోన్లో విచారిస్తారు. పొద్దు వాలిందంటే ఇక ఆయన మనకు దక్కరు. ముహూర్తం రాత్రి పది దాటాక ఉంటే పెళ్లికొస్తారు, మన పెళ్లిళ్లలో ఆ సదుపాయం ఎలాగూ ఉంది. సాయంత్రం రిసెప్షన్లకు మాత్రం వాళ్లావిడ ఒక్కరే వెళ్లి అక్షింతలు వేసి, “ఆయన కోళ్లు మూస్తున్నారండీ” అని చెప్పి వస్తారు.

ఆఫీసులో ఐదు కొట్టకముందే ఖాళీ అయ్యే కుర్చీలను ముప్పై ఏళ్లు చూసినవారు. ఇక్కడ ఆరు కొట్టినా లోపలికి రావలసినవి రావు. ఆరంటే ఆయన పెట్టిన వేళ. నవంబరు చివర్లో ఐదూ నలభైకే పొద్దుగుంకుతుంది, జులైలో ఏడు కావస్తుంది. కోడికి వెలుతురు తగ్గడమే గంట. ఆయనకేమో చేతికి వాచీ ఉంది.

తల్లి దగ్గర పెరిగిన పిల్లలైతే ఈ బాధ లేదు. కొన్నాళ్లు రెక్కల కింద పడుకుని, ఆ తర్వాత అమ్మ ఎక్కడికెక్కితే అక్కడికి ఎక్కుతాయి. ఇవి యంత్రంలో పొదిగినవి, బల్బు వేడికి పెరిగినవి. రెక్కలు గట్టిపడగానే వీటికి పూర్వీకులు గుర్తొచ్చారు. అడవికోడి చెట్టుకొమ్మ మీదే కదా పడుకునేది! అంచేత జామచెట్టు మీద ఐదు, స్కూటరు సీటు మీద రెండు, ప్రహరీ మీద మూడు, మిగతావి గుమ్మంలో. గోడ అవతల పిల్లి ఆయనకంటే ముందే లెక్క చూసుకుని కూర్చుంటుంది.

ఆయన తువ్వాలు విసురుతూ వెంటపడతారు. తరిమిన కోడికి గూడు తప్ప అన్ని దిక్కులూ కనిపిస్తాయి.

పక్కింటి మామ్మగారు గోడ మీంచి చూసి చూసి ఒకనాడు అన్నారు: “చీకటి పడనీ బాబూ. దానికి చీకట్లో చూపానదు. కాయ కోసినట్టు ఒక్కొక్కటీ కోసి గూట్లో పెట్టుకోవచ్చు. అసలు ముందు ఓ వారం బయటికి వదలకుండా మేతా నీళ్లూ గూట్లోనే పెట్టు. అదే తమ ఇల్లని తెలిసొస్తుంది.”

“అంటే సస్పెన్షనా?” అని ఆయన ముఖం వికసించింది. ఆ రాత్రే ఆర్డరు రాసి గూటి తలుపుకు అంటించారు.

వారం తర్వాత వదిలితే తొమ్మిది వాటంతటవే లోపలికెళ్లాయి. మూడు మాత్రం గుమ్మం వదలవు. దొంగల భయంతో ఆయనే బిగించిన ఎల్ఈడీ లైటు అక్కడ పట్టపగలు చేస్తోంది మరి. ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఆ లైటు ఆర్పేసి, గూట్లో జీరో బల్బు వేశారు. మూడూ నడుచుకుంటూ లోపలికి పోయాయి. “చూశావా, ఆర్డరంటే భయం ఉండాలి!” అన్నారాయన.

లోపల వెదురుబొంగులు మెట్లమెట్లుగా కట్టించారు, అందం కోసం. పై బొంగు కోసం రోజూ పోట్లాటే. అన్నీ ఒకే ఎత్తున కడితే సగం గొడవ తగ్గేది. ఆయన సీనియారిటీ లిస్టు తయారుచేశారు.

ఇక రిజిస్టరు. రోజూ రాత్రి టార్చి వేసి తలలు లెక్కపెట్టి, ఎర్రసిరాతో రాసి, కింద పొట్టి సంతకం. మొన్న శుక్రవారం తలలు పదమూడొచ్చాయి. తగ్గితే పిల్లి మీద రాయొచ్చు, పెరిగితే ఎవరి మీద రాయాలి? రెండుసార్లు లెక్కపెట్టి, పరాయి నల్లపెట్టను పట్టుకుని, ఒక చేత్తో రిజిస్టరు, చంకలో కోడితో మామ్మగారి గుమ్మంలో నిలబడ్డారు.

“మీదేనా? ముట్టినట్టు ఇక్కడ సంతకం పెట్టండి.”

మామ్మగారు కోడిని అందుకున్నారు. “నా సంతకానికేం గానీ బాబూ, ఇది నిన్న రాత్రీ మీ గూట్లోనే పడుకుంది. మీ ఎర్రది మా గంప కింద పడుకుంది. పొద్దున్నే గోడ దాటించాను, నువ్వు చూసుకోలేదా?”

ఆయన టార్చి వెలుగులో పేజీ తిప్పారు. గురువారం ఎదుట ఎర్రసిరాతో స్పష్టంగా ఉంది: పన్నెండూ హాజరు.