స్టూలెక్కి ఎంచిన సాఫ్ట్‌వేర్

రేణిగుంటలో కాపురముండేవాళ్లకి చుట్టాల సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. బొంబాయి నుంచి మద్రాసు పోయే రైళ్లు చాలావరకు తిరుపతి మొహం చూడవు, మా జంక్షన్‌లో ఆగి అట్నుంచి అటే పోతాయి. "ఒక్కడినే వస్తాండా, దర్శనం చేసుకొని పోతా" అని ఫోన్ చేసిన బావ, బండి దిగేటప్పటికి పెళ్లాంపిల్లలతో, తోడల్లుడితో, గుండు చేయించాల్సిన మేనల్లుడితో సహా దిగుతాడు. డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్లలో కొన్ని అచ్చం ఆ బావ బాపతు. మనం పిలిచేది డిస్కు రాయడానికి. వెంట దిగేవి ఫోటోలు దిద్దేదొకటి, కవరు మీద బొమ్మలేసేదొకటి, బ్రౌజర్ నెత్తినెక్కి కూర్చునే టూల్‌బారొకటి. పొమ్మంటే ఒక పట్టాన పోవు.

ఈ కాలంలో డిస్కులెవరికి అంటారా? మా వీధి గుడికి. ధనుర్మాసం వస్తే తెల్లారకముందే మైకులో అన్నమయ్య కీర్తనలు మోగాల. అక్కడున్న ప్లేయర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టే బొక్క లేదు. ధర్మకర్త పాటల లిస్టు చేతిలో పెట్టి, "మీ ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే అర ఉందంట కదబ్బా" అన్నాడు. ఉంది. కొత్త ల్యాప్‌టాపుల్లో అది మాయమై చాలా కాలమైంది. మా ఎయిర్‌పోర్టు పక్కన ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో డిక్సన్ వాళ్లు టీవీలు చేస్తారు, వాటికీ డిస్కుతో పనిలేదు. ఈ పనికి ఊళ్లో మిగిలిన యంత్రం మాదేనేమో అని నాకు లోపల్లోపల గర్వం.

పేరుమోసిన సాఫ్ట్‌వేర్ నీరో. జర్మనీ సరుకు. దాని గుర్తు మంటల్లో ఉన్న కొలోసియం. రోము తగలబడింది క్రీ.శ. 64లో, నీరో పోయింది 68లో, కొలోసియానికి పునాది పడిందే ఆ తర్వాత. మా చరిత్ర మాస్టారు చూసుంటే బెత్తం తీసేవారు. ఏదేమైనా, ఒక్క సీడీ కోసం డబ్బులు పోసి కొనాల్సిన అగత్యం కనపళ్లేదు.

"విండోస్‌లోనే ఉంది కదన్నా" అన్నాడు మా పిన్నమ్మ కొడుకు. నిజమే. ఖాళీ డిస్కు పెట్టగానే విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది: దీన్ని యూఎస్‌బీ డ్రైవ్ లాగా వాడతావా, సీడీ ప్లేయర్‌లో వేస్తావా? మొదటిది నొక్కాలనే చెయ్యి లాగుతుంది, ఫైళ్లను తోచినప్పుడల్లా ఒకటొకటిగా వేసుకోవచ్చు గనక. కానీ ఆ డిస్కు కంప్యూటర్లకే అర్థమవుతుంది. మామూలు ప్లేయర్ దాన్ని మింగి, కాసేపు గుర్రుమని, లోపల డిస్కే లేదంటుంది.

రెండోది నొక్కినా తిరకాసు తీరదు. 700 ఎంబీ సీడీలో ఎంపీ3 ఫైళ్లుగా వేస్తే నూరు పాటలు దాటి పడతాయి. ఆడియో సీడీగా రాస్తే 80 నిమిషాలకి గేటు మూసేస్తారు. ఏది చెయ్యాలనేది ల్యాప్‌టాప్ చెప్పదు, ప్లేయర్ చెప్పాల. గుళ్లోకి పోయి, స్టూలెక్కి, టార్చి వేసి, చేత్తో బూజు తుడిచి చూశా. 'కాంపాక్ట్ డిస్క్ డిజిటల్ ఆడియో' అన్న ముద్ర ఉంది. ఎంపీ3 అన్న మాట ఎక్కడా లేదు. సాఫ్ట్‌వేర్ ఎంచేది కుర్చీలో కూర్చొని కాదబ్బా, స్టూలెక్కి.

ఇమ్గ్‌బర్న్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ మీద నాకు మొదట్నుంచీ మనసు. ఉచితం. ఆఖరి వెర్షన్ 2013లో వచ్చింది, ఇప్పటికీ పని చేస్తుంది. డిస్కు పూర్తయితే చిన్న పాట కూడా పాడుతుంది. అయితే ఆడియో సీడీ కావాలంటే ముందు దానికి పాటల వరస చెప్పే క్యూ ఫైలొకటి తయారు చేసివ్వాల. అంత భాగోతం ఎందుకని సీడీబర్నర్‌ఎక్స్‌పీకి ఓటేశా. ఇదీ ఉచితమే. పేరులో ఎక్స్‌పీ ఉన్నా తర్వాతి విండోస్‌ల మీదా నడుస్తుంది. ఆడియో డిస్క్ అని నొక్కి, పాటలు లాగి వదిలితే చాలు. విండోస్ మీడియా ప్లేయర్‌తో కూడా జరిగే పనే గానీ, డౌన్‌లోడ్ చేసినదాన్ని ఊరికే పడెయ్యడం మా ఇంటావంటా లేదు. నడిమధ్య కరెంటు పోయింది. బ్యాటరీ ఉంది గనక డిస్కు గమ్మున తిరుగుతానే ఉంది.

ఆ చీకట్లో ఒకటే ఆలోచన. ఈ కీర్తనలని అన్నమయ్య వంశం వాళ్లు రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుడి భాండాగారంలోంచి 1922లో రెండు వేల పైచిలుకు రేకులు బయటపడితే, నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా చదువుకోగలిగారు. నేను రాస్తున్నది పల్చటి రంగు పొర మీద, కొన్నాళ్లు ఎండలో మరిచిపోతే చాలు.

అర్చకస్వామి మొదటి మేలుకొలుపు పాట వినగానే చెయ్యెత్తారు. "ధనుర్మాసంలో కొండమీదే సుప్రభాతం ఆపి తిరుప్పావై చదువుతారు నాయనా, మన గుళ్లో ఇదేంది?"

లిస్టు రాసిచ్చిన ధర్మకర్త ధ్వజస్తంభం వైపు చూస్తా ఉండిపోయాడు. సీడీ-ఆర్ మీద ఒకసారి రాసేశాక చెరిపేదానికి కాదు స్వామీ అన్నా.

"చెరపొద్దులే. భోగి దాటినాక ఇదే వేసుకుంటాం. ఈ నెలకి ఇంకోటి చేసియ్యి" అన్నారు స్వామి, ధర్మకర్త చేతిలోని పెన్ను తాను తీసుకుంటా.